గుండు మీద చేప

ఆ కాలంలో మా పాండూరు వాళ్ళకు సముద్రం అంటే దూరపు చుట్టం. పొద్దున తిరువళ్ళూరులో రైలెక్కితే సాయంత్రానికి తిరిగి ఇల్లు చేరగలిగినంత దగ్గరే మద్రాసు. అయినా ఆస్పత్రి పనో కోర్టు పనో పడితే తప్ప ఎవరూ పోయేవాళ్ళు కాదు. పోయినప్పుడు పనిలో పనిగా బీచికి పోయి, పంచె పైకి కట్టుకుని కాళ్ళు తడుపుకుని, ఇంత సుండల్ గుగ్గిళ్ళు తిని, 'చూసినాంలే' అని వచ్చేసేవాళ్ళు. మాకు నీళ్ళంటే వరికి కట్టే నీళ్ళు, చెరకుకు కట్టే నీళ్ళు. ఉప్పు నీళ్ళతో రైతుకు ఏం పని? అట్లాంటి ఊళ్ళో పుట్టి, సముద్రం అడుగున మోకాళ్ళ మీద కూర్చుని చేపల్ని చూసినందుకు నెలనెలా జీతం తీసుకున్నవాణ్ణి నేను. ఇందులో నా ప్రయోజకత్వం ఏమీ లేదు. చెయ్యాల్సినవాళ్ళు చెయ్యాల్సింది చేసినారు, మధ్యలో భయపడే పని మాత్రం నేను చూసుకున్నాను.

జువాలజీలో డిగ్రీ తెచ్చుకుని ఇంట్లో కూర్చుని ఉంటే, సముద్ర జీవాల మీద పరిశోధన చేసే ఒక ఆఫీసు నుంచి మద్రాసులో ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఉద్యోగం అసిస్టెంటు, అదీ తాత్కాలికం. ఎదురుగా కూర్చున్న సైంటిస్టు (ఆయన్ని మేమందరం డాక్టరుగారనే అనేవాళ్ళం, మందులు మాత్రం ఇవ్వడు) పగడాల గురించి అడిగితే నేను నోరు తెరిచి అట్లే ఉండిపోయినాను. జాలిపడి, "పోనీ, ఈత వచ్చునా?" అన్నాడు. వచ్చు అన్నాను. అది మా అక్క పెట్టిన భిక్ష. చిన్నప్పుడు నా నడుముకు ఎండిన సొరబుర్ర కట్టి మా బావిలోకి తోసేసి, తను మెట్టు మీద కూర్చుని జామకాయ కొరుకుతా, "చావవులేరా, కాళ్ళు కొట్టు" అనింది. చావలేదు. ఆ రోజు వచ్చిన తక్కినవాళ్ళలో పగడాల గురించి తెలిసినవాళ్ళు ఉండారు గానీ, ఈత తెలిసినవాడు ఎవడూ లేడంట. ఉద్యోగం నాకిచ్చినారు.

పని అండమాన్‌లో అని తెలిసినాక మా ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదు. "అండమాన్‌కా? నువ్వేం తప్పు చేసినావురా?" అని అమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అక్కడిప్పుడు జైలు లేదు, ఆఫీసులు ఉండాయి, మన తమిళం మాట్లాడేవాళ్ళూ తెలుగు మాట్లాడేవాళ్ళూ కూడా ఉండారు అని చెప్పినాను. పక్కింటామె మెల్లిగా వచ్చి, "ఎన్నేండ్లు వేసినారు వదినా?" అని అడిగింది. అమ్మ ఆ మాటకు ఇంకో విడత ఏడ్చింది.

పంపే ముందు మద్రాసులోనే, ఈత కొలనులో, గాలి సిలిండరు వీపున కట్టుకుని నీళ్ళ లోపల ఊపిరి పీల్చడం నేర్పించినారు. నేర్పింది నౌకాదళంలో ముత్తాతల కాలం నుంచీ ఉన్నట్టు కనిపించే ఒక పెద్దాయన. తూత్తుకుడి మనిషి, తెల్ల మీసం, నల్లటి రాయిలాంటి ఒళ్ళు. ఆయన నోట రోజంతా ఒకటే మాట, "మూచ్చు విడుప్పా, మూచ్చు విడు." ఊపిరి వదలరా అని. నీళ్ళలోకి దిగేటప్పుడు అదే, ఎక్కేటప్పుడు అదే, టీ తాగేటప్పుడు కూడా ఒకసారి అన్నాడు. మేం ఆయనకు మూచ్చన్న అని పేరు పెట్టుకున్నాం. "నీళ్ళ కింద ఊపిరి బిగబట్టి పైకి వచ్చేవాడు బెలూను. పైకి వచ్చేకొద్దీ లోపల గాలి ఉబ్బుతాది. తరువాత?" అని రెండు చేతులూ ఠప్పున చరిచేవాడు. నేను తల ఊపేవాణ్ణి. తల ఊపడం వేరే, అర్థం కావడం వేరే అని తరువాత తెలిసింది.

ఒక ఆదివారం ఆయన్ని బతిమాలి, ముఖానికి పెట్టుకునే అద్దాన్ని ఊరికి తీసుకుపోయినాను. మా అక్క తిరువళ్ళూరు నుంచి వచ్చి ఉండింది. పెళ్ళయినాక ఆమె బావిలోకి దిగి ఏండ్లయింది. మాపటిపూట ఎవరూ లేనప్పుడు ఆఖరి మెట్టు మీద కూర్చుని, కొంగు నడుముకు దోపుకుని, అద్దం పెట్టుకుని ముఖం నీళ్ళలో ముంచింది. ముంచిన ముఖం ఎంతకీ తీయదు. నాకు భయమేసి భుజం తట్టినాను. లేచి ముఖం తుడుచుకుంటా, "ఒరే, రాళ్ళ సందుల్లో జిలేబి చేపలు పిల్లల్ని వెంటేసుకుని తిరగతా ఉండాయి. పాచి జుట్టు మాదిరి ఊగతా ఉంది. ఇన్నేండ్లు ఈ నీళ్ళలోనే దుమికినాను, లోపల ఇంత సంసారం ఉండాదని నాకు తెలియదే" అనింది. మళ్ళీ ముఖం ముంచింది. చీకటిపడి అమ్మ కేక వేసేదాకా అద్దం నా చేతికి రాలేదు.

అమ్మ తన ఏర్పాటు తను చేసింది. ఓడ ఎక్కే ముందు తిరుత్తణికి పిలుచుకుపోయి, కొండ మీద నాకు గుండు కొట్టించి, చల్లటి గంధం పూయించి, "వెంట్రుక మొలిచేదాకా సుబ్రహ్మణ్యస్వామి నీ తలమీదనే ఉంటాడు, ఏమీ భయపడబాక" అని ధైర్యం చెప్పింది. ఆ మాట వినకుండా ఉంటే బాగుండేది. ఓడలో మూడో రోజుకే తల తడుముకుంటే గరుకుగా తగిలింది. స్వామి దిగిపోతా ఉన్నాడని గుండె జారింది. పోర్ట్ బ్లెయిర్‌లో దిగినాక చేసిన మొదటి పని మంగలి షాపు వెతుక్కోవడం. అప్పట్నుంచి నాలుగు రోజులకొకసారి నున్నగా గీయించుకునేవాణ్ణి. (డిగ్రీ చదివినవాడికి ఇదేం నమ్మకం అని అడగొద్దు. సిలిండరులో గాలి ఎంతసేపు వస్తాదో లెక్క వేసేది చదువు, ఆ లెక్క తప్పితే ఏమని ఆలోచించేది కడుపు.) మాతోపాటు అక్కడికి పనికి వచ్చిన మూచ్చన్న నా తల చూసి, "ఎన్నప్పా, మీ ఇంట్లో ఎవరైనా పోయినారా?" అని అడిగినాడు. లేదన్నాను. మళ్ళీ అడగలేదు.

పగడాల దిబ్బ మీదికి మొదటిసారి దిగినప్పుడు నాకు కలిగింది ఆశ్చర్యం కాదు, మొహమాటం. పిలవని పెళ్ళికి పోయినట్టు ఉండింది. ఎవరి పనిలో వాళ్ళు ఉండారు. పచ్చటి చిలక ముక్కు చేపలు పగడాన్ని కొరుకుతా ఉంటే, పక్కింట్లో ఎవరో మురుకులు నములుతా ఉన్నట్టు కరకరమని చప్పుడు వినపడతా ఉంది. ఒక పెద్ద బొంత చేప నోరు తెరుచుకుని కదలకుండా నిలబడితే, వేలెడు నీలం చేప ఒకటి దాని నోట్లోకి దూరి పళ్ళు శుభ్రం చేస్తా ఉంది. వెనకాల ఇంకో రెండు తమ వంతు కోసం కాచుకుని ఉండాయి, తోసుకోకుండా. అది చూసి తిరువళ్ళూరు బస్టాండు గుర్తొచ్చి సిగ్గేసింది. నా పని టేపు ఒక కొస పట్టుకోవడం. టేపు పట్టుకుని ఒక రాయి పక్కన కూర్చుంటే, కుంకుమరంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న చేప ఒకటి, నా బొటనవేలంత లేదు, నేరుగా వచ్చి నా అద్దాన్ని ఢీకొట్టింది. వెనక్కి పోయి మళ్ళీ వచ్చి కొట్టింది. దాని ఇంటి వాకిట్లో కూర్చున్నానని తరువాత డాక్టరుగారు చెప్పినాడు. నేను అంతలోపలే టేపు వదిలేసి ఆయన వెనక దాక్కున్నాను. మనిషినన్న గౌరవం అక్కడ ఎవరికీ లేదు.

అసలు కథ ఆ తరువాతి వారంలో జరిగింది. నీళ్ళు అద్దం మాదిరి ఉండాయి. డాక్టరుగారూ మూచ్చన్నా నేనూ ఇసుక మీద మోకాళ్ళూని పని చేసుకుంటా ఉంటే, తలెత్తితే ఒక తాబేలు వస్తా ఉంది. ముసలామె గుడికి పోతున్నట్టు, తొందర లేకుండా, ఇటూ అటూ చూసుకుంటా మా మీదుగా పోయింది. దాని కడుపు కింద ఒక మూరెడు చేప అంటుకుని ఉండింది. ఆ జాతి చేపకు నడినెత్తిన చెప్పు అట్టలాంటి పట్టు ఒకటి ఉంటాది, దానితో సొరచేపలకో తాబేళ్ళకో అంటుకుని ఖర్చు లేకుండా ఊళ్ళు తిరుగుతాది. నాకప్పుడు అదేమీ తెలియదు. తాబేలు పోయింది, నేను టేపు వైపు తిరిగినాను. అప్పుడు నా గుండు మీద ఏదో చల్లగా, మెత్తగా, గట్టిగా ఆనింది.

చెబితే నవ్వుతారు గానీ, ఒక్క క్షణం నాకు కళ్ళు చెమర్చినాయి. స్వామి చెయ్యి పెట్టినాడనుకున్నాను. భక్తితో నా చెయ్యి కూడా పైకెత్తి తడిమినాను. చేతికి జారుడుగా తోక తగిలి, అది గిలగిలా కొట్టుకుంది. అంతే. నేర్చుకున్న చదువంతా పోయింది. "అమ్మా" అని అరవబోయి, అరుపు బయటికి రాక, ఆ గాలినంతా రొమ్ములోనే బిగబట్టి, ఇసుకను రెండు కాళ్ళతో తన్ని పైకి లేచినాను. పైన వెలుగు కనపడతా ఉంది. అక్కడికి చేరితే చాలు అనుకున్నాను.

పోలేకపోయినాను. ఎవరో నా కాలు పట్టుకున్నారు. వదిలించుకుందామని రెండో కాలితో తన్నినాను, ఆ కాలు కూడా పట్టుకున్నారు. కిందికి లాగినారు. చూస్తే మూచ్చన్న. నా తన్నుకు ఆయన అద్దం పక్కకు జరిగి లోపలికి సగం నీళ్ళు వచ్చి ఉండాయి, వాటిలోంచే నా కళ్ళలోకి చూస్తా ఉన్నాడు. తన నోట్లోని గాలి గొట్టం తీసేసి, నాకు కనపడేట్టుగా, పెదాలతో ఆ రెండు మాటలూ అన్నాడు. మాటలతో పాటు బుడగలు వచ్చినాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకు ఊపిరి వదలాలని. వదిలినాను. పీల్చినాను. మళ్ళీ వదిలినాను. గొట్టం నోట్లో పెట్టుకుని ఆయన కూడా నాతోపాటే పీల్చి వదిలినాడు, చంటిబిడ్డకు అన్నం తినిపించే తల్లి తనూ నోరు తెరిచినట్టు. నేను నెమ్మదించినాక, చేపను వెనక్కి లాగకుండా మెల్లిగా ముందుకు జరిపినాడు, అది మర్యాదగా వదిలేసింది. వదిలి, పోయి ఆయన సిలిండరుకే అంటుకుంది.

ముగ్గురం పడవలోకి ఎక్కినాం. తరువాత డాక్టరుగారు నా తల వంచమని చూసి, ఆగలేక నవ్వేసినాడు. చేప పట్టు నా గుండు మీద అడ్డంగా ఎర్రటి గీతలు పెట్టిందంట, విభూతి పట్టెలు దిద్దినట్టు. నాకు నవ్వు రాలేదు. మూచ్చన్న టీ పోసి నా చేతికిచ్చి, "అంత లోతు నుంచి అట్ల పైకి పోయి ఉంటే ఈ టీ నీకు ఉండదుప్పా" అన్నాడు. అంతే అన్నాడు. చేతులు చరచలేదు.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. నన్ను ఉంచాల్నా పంపాల్నా అనేది మూచ్చన్న మాట మీదే ఉంది. బట్టలు సర్దుకుంటా ఉంటే గోడ అవతల డాక్టరుగారు అడిగేది వినపడింది, "ఏమంటారు, ఈ పిల్లోడు పనికొస్తాడా?"

"వస్తాడు సార్" అన్నాడు మూచ్చన్న. "భయపడనివాడికి నేర్పించేదే కష్టం. వీడికి సగం వచ్చేసింది."

మరుసటి రోజు పొద్దున నన్ను ముందు దింపి, తను వెనక దిగినాడు. చాలా రోజులు అట్లే, నా వెనకాలే, నా కాలి దగ్గరే. నేను వెంట్రుకలు పెరగనిచ్చినాను.

కొన్నేండ్ల తరువాత, ఉద్యోగం ఖాయమై నేను సెలవులో ఊళ్ళో ఉన్నప్పుడు, రిటైరయిన మూచ్చన్న తిరుత్తణి కొండకు పోతా దారిలో మా ఇంటికి వచ్చినాడు. అమ్మ ఆయనకు రాగి సంగటి, పప్పు పెట్టి, ఎదురుగా కూర్చుని, తను ఇన్నేండ్లుగా దాచుకున్న ప్రశ్న తమిళంలో అడిగింది. "అయ్యా, మా వాడికి సముద్రంలో ఎప్పుడైనా ఆపద వచ్చిందా? వీడు చెప్పడు."

నేను వద్దన్నట్టు తల ఆడించినాను. ఆయన అబద్ధం రాని మనిషి. "ఒకసారి వచ్చింది అమ్మా."

"మరి ఎట్ల బయటపడినాడు?"

"తిరుత్తణి మురుగన్ ఉన్నాడు కదమ్మా" అన్నాడు సంగటి ముద్ద తీసుకుంటా. "నేను కాళ్ళు మాత్రం పట్టుకున్నాను."

అమ్మ ముఖం పాలిపోయింది. నా వైపు తిరిగి, తెలుగులో, "ఏమిరా, ఇంత పెద్దాయన చేత కాళ్ళు పట్టించుకున్నావా? నీ కాళ్ళు పట్టుకునేంత గతి ఆయనకేమి పట్టింది? ఎంత పాపంరా" అనింది. నేను చెప్పబోయినాను. ఆమె వినలేదు. లేచి వచ్చి నా మెడ మీద చెయ్యి వేసి, ఆయన ఎంగిలి చెయ్యి కడుక్కునేదాకా కూడా ఆగకుండా, నన్ను ఆయన పాదాల మీదికి వంచింది. ఆయన ఆ చెయ్యి పక్కకు పెట్టుకుని, ఇబ్బందిగా నవ్వుతా, రెండో చేత్తో నా వీపు తట్టి, "చాలు, చాలుప్పా, లే" అన్నాడు.

ఆ రోజు అమ్మ వంచితే వంగినాను, లోపల కొంచెం విసుక్కున్నాను కూడా. ఇప్పుడు నా వయసు అప్పటి ఆయన వయసును దాటింది. మా ఇంటి ముందు బెంచీ మీద కూర్చుని పోయే బస్సులు చూస్తా ఉంటే ఆ విసుక్కున్న పిల్లోడు గుర్తొచ్చి నవ్వొస్తాది. వాడిని ఇంకొంచెంసేపు అట్లే వంచి ఉంచి ఉండాల్సింది అమ్మ.