వేరు కోసిన పద్నాలుగు పుట్టగొడుగులు

పోయినవి ముందు చెబుతాను. పుట్టగొడుగుల పొడి అచ్చులు తీసిన కాగితాలు అయిదు. రెండు వానాకాలాలు రాసుకున్న నోటుపుస్తకం ఒకటి, అందులో అరవై ఒక్క నమోదులు. కంకిపాడు రోడ్డు వారన మరియమ్మ అనే కూలిమనిషి పుట్టగొడుగులు అమ్ముకోవలసిన ఉదయాలు నలభై మూడు. ఏటా ఆమె దగ్గరే కొనే ఇళ్లు ఇరవై రెండు. వీటిలో ఒక్కటి కూడా వానకు తడిసి పోలేదు, ఎలుకలు కొట్టి పోలేదు. చదువుకున్నవాళ్లు ఆదివారాలు కలిసి నడిచి పోగొట్టారు.

నేను విజయవాడలో విత్తన పరీక్షా ప్రయోగశాలలో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసి, నిరుడు స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. ఇంటర్మీడియట్‌తో చేరినదాన్ని. లెక్క అక్కడే, నా అంతట నేనే నేర్చుకున్నాను. ఒక్కో నమూనాలోంచి నాలుగు వందల గింజలు తీసి, వందేసి చొప్పున నాలుగు భాగాలు చేసి, తడి కాగితాల్లో చుట్టి, ఎన్ని సరిగ్గా మొలిచాయో లెక్కపెట్టాలి. విత్తనం ఏ కంపెనీదో, ఏ డీలరుదో మాకు తెలియనివ్వరు. పేరున్న చీటీ తీసేసి కోడ్ నంబరు వేసి మా బల్ల మీదికి పంపుతారు. పేరు తెలిస్తే చూపు మారుతుందని ఆ నిబంధన.

ఆ ఉద్యోగంలో ఉండగానే పుట్టగొడుగులను గుర్తుపట్టే నడకల సంఘంలో చేరాను. ఇరవై మందిమి ఉండేవాళ్లం. వానాకాలం ఆదివారాల్లో ఒకసారి కొండపల్లి కొండ మీదికి, ఒకసారి కాలవ గట్ల వెంట వెళ్లేవాళ్లం. అచ్చులు తీసే పని నాకు అప్పగించారు. దొరికిన ప్రతి రకంలోంచి గొడుగులు కొన్ని తెచ్చి, సగం తెలుపు, సగం నలుపు ఉన్న కాగితం మీద బోర్లించి, పైన గాజుగిన్నె మూయాలి. మర్నాటికి అడుగు మడతల్లోని పొడి రాలి అచ్చు పడుతుంది. ఆ పొడి రంగు చూడనిదే కొన్ని రకాలను విడదీయలేం.

సంఘం అధ్యక్షులు రామచంద్రరావు గారు పెద్ద కాంట్రాక్టరు. ఏదో విదేశీ పుస్తకంలో చదివి ఒక నియమం పెట్టారు. పుట్టగొడుగును పీకకూడదు, కత్తితో నేల మట్టానికి కోయాలి, లేకపోతే భూమికి హాని అన్నారు. అందరికీ మడత కత్తులు కూడా పంచారు. ఆ నియమం ఆ పుస్తకం రాసిన దేశంలో ఎంత మంచిదో నాకు తెలియదు. మన దగ్గర తినే పుట్టగొడుగు చెదపుట్టలోంచి వస్తుంది. దాని కాడ కింద సన్నటి వేరులాంటిది జానెడు, మూరెడు లోతున పుట్టలోకి దిగి ఉంటుంది. మన ఆడవాళ్లు కర్రతో తవ్వి, ఆ వేరు తెగకుండా తీస్తారు. వేరున్న ప్రతిదీ తినొచ్చని దీనర్థం కాదు. తినే రకానికి ఉన్న గుర్తుల్లో అదొకటి. కత్తితో కోస్తే ఆ గుర్తు నేలలోనే ఉండిపోతుంది.

నాలుగేళ్ల కిందట ఆగస్టులో ఒక ఆదివారం కంకిపాడు వైపు నడిచాం. ఒక లేఅవుటు పచ్చికలో తెల్లటి పెద్ద గొడుగులు కనిపిస్తే మావాళ్లు కోశారు. లెక్కపెట్టాను, పద్నాలుగు. తిరుగు దారిలో మరియమ్మ దగ్గర అధ్యక్షులు ముప్పై ఏడు కొన్నారు. ముప్పై ఏడింటికీ మట్టితో సహా వేర్లున్నాయి. ఆమె మా బుట్టలోకి తొంగిచూసింది.

"ఇయ్యేందండీ, మొండేలు తెచ్చారు? ఏర్లేయి?"

"వేరుతో పీకకూడదమ్మా, భూమి పాడవుద్ది," అన్నారు అధ్యక్షులు.

"భూమి సంగతి సరే, బాబుగారూ, కడుపు సంగతి? మొదలు లేందాన్ని నేను గుమ్మం తొక్కనీను. నావి ఆటిల్లో కలపమాకండి."

అందరూ నవ్వారు. నేను ఆమె వాటిలోంచి రెండు, పచ్చికవాటిలోంచి మూడు గొడుగులు విడిగా తీసుకుని, పొడి రంగు తెలిసేదాకా, అంటే మర్నాడు పొద్దుటిదాకా, ఏదీ వండవద్దని చెప్పాను.

"రేపటికి చీకిపోతాయండీ, సుగుణ గారూ. ఫోనులో ఫోటో పెట్టి చూశాం, తినే రకమేనంది. మీ గవర్నమెంటు ఫైలు కదిలేసరికి మాకు ఆకలి చస్తుంది," అన్నారు అధ్యక్షులు. మళ్లీ నవ్వారు. అన్నీ ఒకే బుట్టలో పోసి తీసుకెళ్లారు.

ఆ మధ్యాహ్నం తిన్నవాళ్లలో ముగ్గురికి వాంతులు పట్టుకుని ఆసుపత్రిలో చేరారు. రెండు రోజులకు కోలుకున్నారు. సాయంత్రానికే అధ్యక్షులు సంఘం గ్రూపులో మరియమ్మ ఫోటో పెట్టారు. కంకిపాడు రోడ్డు మీద ఈమె విషపు పుట్టగొడుగులు అమ్ముతోంది, ఎవరూ కొనవద్దు, అందరికీ పంపండి అని కింద రాశారు. అప్పటికి నా ఇంట్లో గాజుగిన్నెల కింద పొడి ఇంకా రాలుతూనే ఉంది.

మర్నాడు గిన్నెలు తీశాను. ఆఫీసు అలవాటు కొద్దీ కాగితాల మీద ఒకటి నుంచి అయిదు దాకా అంకెలే వేసి, ఏది ఎక్కడిదో నోటుపుస్తకం చివర రాసుకున్నాను. ముందు రంగులు రాసి, తర్వాత పేజీ తిప్పి చూశాను. ఆకుపచ్చ పొడి రాలినవి మూడు, మూడూ పచ్చికవే. లేత గులాబి రంగు రాలినవి రెండు, అవి మరియమ్మవి. ఆకుపచ్చ పొడి రాల్చే ఆ తెల్ల గొడుగు వాంతులు చేయిస్తుంది. ముప్పై ఏడులో రెండే పరీక్షించి మిగిలిన ముప్పై అయిదుకు పూచీ పడను. కానీ వేర్లు మాత్రం ముప్పై ఏడూ చూశాను.

బెంజ్ సర్కిల్ దగ్గర అధ్యక్షుల ఆఫీసుకు కాగితాలు, పుస్తకం పట్టుకెళ్లాను. "ఉంచండమ్మా, కమిటీలో పెడదాం," అన్నారు. కమిటీ రోజున అడిగితే, "మా పనావిడ పాత కాగితాలనుకుని చెత్తలో వేసేసిందండీ," అన్నారు. ఒక నెలలో ఆయన చేతుల మీదుగా నేరం అంటుకున్న ఆడమనుషుల్లో, మరియమ్మ తర్వాత, ఈ పనావిడ రెండోది. ఆ మాట ఆయన ముఖాన్నే అన్నాను. "అయిపోయినదాన్ని తవ్వకండి, సంఘం పరువు పోతుంది," అన్నారు. ఎవరి పరువు ముందు పోయిందని అడిగాను. ఆ రోజే సంఘం మానేశాను.

మరియమ్మ ఇంటికి వెళ్లాను. ఆ సీజను ఇక రోడ్డు మీద కూర్చోలేదని, చర్చిలో కూడా పక్కవాళ్లు అడుగుతున్నారని చెప్పింది.

"ఫోటోలో బాగానే పడ్డానంటగా, అమ్మగారూ? మా మనవరాలు సూపిచ్చింది. ఇంతకీ మీ కాయితాలేం జెప్పినయ్యి?"

"తప్పు నీది కాదని చెప్పాయి."

"ఆ సంగతి నాకు దెలుసుగా! నాకెందుకు జెబుతారు? ఆళ్లకి జెప్పండి."

ఆమె చెప్పింది సబబే. ఆ సందేశం ఎక్కడెక్కడికి వెళ్లిందో సభ్యులను ఒక్కొక్కరినే అడిగి జాబితా రాశాను. అపార్టుమెంట్లవి, పొద్దుటి వాకింగు వాళ్లవి, పిల్లల స్కూలు తల్లులవి కలిపి పదకొండు గ్రూపులు తేలాయి. జరిగింది నాలుగు వాక్యాల్లో రాసి, నా పేరు, హోదా వేసి, ప్రతి గ్రూపు నడిపేవారికీ పంపాను.

ఇన్నేళ్ల పనిలో నేర్చుకున్నదే ఇక్కడా రుజువైంది. నమూనా ఎవరిదో చూసి తేల్చే ఫలితం పరీక్ష కిందికి రాదు. పుట్టగొడుగుకు పొడి రంగు చూసేదాకా ఆగలేనివాళ్లు మనిషి విషయంలోనూ ఆగరు. తప్పు రాసిన చీటీ ఎన్ని చోట్లకు వెళ్లిందో, సవరణ కూడా అన్ని చోట్లకూ వెళ్లాలి. మా ప్రయోగశాలలో అది నిబంధన. అక్కడ ఒక్క అంకె తప్పుపడ్డా చేసేవాళ్లం.

తప్పు సందేశం వెళ్లిన గ్రూపులు పదకొండు. సవరణ వేసినవి మూడు. ఈ రోజుకీ మరియమ్మకు బాకీ ఎనిమిది.