బాయిలరు ముసలమ్మ మాట్లాడాల్సిన తెలుగు

హైదరాబాదులో కూర్చుని డబ్బింగులు చేయించే పెద్దమనుషుల మీద నా కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాక రాయమని ఒకరిద్దరు స్నేహితులు సలహా ఇచ్చారు. అది చల్లారే రకం కాదని తేలిపోయింది కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

ఒడిశా బరంపురంలో, లంజిపల్లిలో, ఒక మేడ మీది వాటాలో నేనూ మా నాయనమ్మా ఉంటాం. నాయనమ్మది సముద్రం ఒడ్డు పల్లె. తాతయ్య పడవ మీద వేటకు వెళ్ళేవాడు. ఆయన సముద్రంలో పోయాక ఆవిడ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఇదే బరంపురం వీధుల్లో అరుచుకుంటూ తిరిగి మా నాన్నను చదివించింది. నాన్న ఛత్రపూర్ కోర్టులో గుమాస్తా అయ్యాడు. నేను ఇంట్లో కూర్చుని అనువాదాలు చేస్తాను. అలా మూడు తరాల్లో మా ఇంటికి చేపల వాసన పోయింది. నాయనమ్మ మాట మాత్రం ఎక్కడిది అక్కడే ఉండిపోయింది.

జపాను బొమ్మల సీరియళ్ళను తెలుగులోకి దించే ఒక కంపెనీ నాకు పని పంపేది. బొమ్మలవి కదా అని పిల్లల కథలనుకునేరు. ఆ సీరియల్లో చచ్చినవాళ్ళు చచ్చినట్టు పడి ఉండటం మానేస్తారు. లేచి గుంపులు గుంపులుగా తిరుగుతూ బతికున్నవాళ్ళను కరుస్తారు, కరిపించుకున్నవాళ్ళూ అలాగే అయిపోతారు. నేలంతా వాళ్ళదే. మిగిలిన మనుషులు ఇనుప రేకులు తాపిన ఆవిరి ఓడల మీద బతుకుతుంటారు. కరెంటు లేదు, పెట్రోలు లేదు. అన్నీ బాయిలర్లు, పళ్ళ చక్రాలు, ఆవిరి గొట్టాలు. తుపాకులు కూడా ఆవిరితోనే పేలతాయి. బొగ్గుకూ మంచినీళ్ళకూ ఒడ్డుకు రాక తప్పదు, వస్తే అక్కడ చచ్చినవాళ్ళు కాచుకుని ఉంటారు.

ఆ ఓడలో బాయిలరుకు బొగ్గు వేసే ముసలమ్మ ఒకతె ఉంది. అందరినీ తిడుతుంది, అందరికీ అన్నం పెడుతుంది. జపానువాళ్ళే ఆమెకు ఏదో సముద్రతీరపు యాస పెట్టారని కంపెనీవాళ్ళే నాకు చెప్పారు. ఆ ముక్క వినగానే నా దృష్టి పక్కగదిలో చాట నిండా బియ్యం పోసుకుని రాళ్ళేరుతున్న మనిషి మీద పడింది.

నాయనమ్మ అప్పటికే ఆ బొమ్మలకు అలవాటు పడింది. మొదటిరోజు నా వెనక నిలబడి కంప్యూటరు చూస్తూ అడిగింది.

"ఈ పడవ ఎవల్దే, గుంటా?"

"జపానోళ్ళది."

"మరీ రేకులేటి, పడవ నిండా?"

"శవాలు ఎక్కకుండా, నానమ్మా."

"శవాలకి అంత ఓపికేటి? బతికున్నోళ్ళకే నేదు," అని స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ తరవాత ఒక్క భాగం కూడా వదల్లేదు. కుర్రాళ్ళు పడవను తప్పు సమయంలో నీళ్ళలోకి తోస్తుంటే, "కెరటం ఇరిగినాక తొయ్యాల్రా ఎర్రెదవల్లారా," అని తిట్టేది. శవాలంటే ఆవిడకు భయం లేదు. పడవ పాడవుతుందేమోనన్నదే ఆవిడ బాధంతా.

డబ్బింగు మాటలు రాయడం మామూలు అనువాదం కాదు. బొమ్మ నోరు ఎంతసేపు ఆడితే మాట అంతసేపే ఉండాలి. నోరు మూసేటప్పటికి మాట కూడా పెదాలు కలిసేట్టు ముగియాలి. పుస్తకాల తెలుగు ఆ నోళ్ళలో పట్టక నేను జుట్టు పీక్కునేదాన్ని. 'వెంటనే వెళ్ళిపోండి' అనేలోపు ముసలమ్మ నోరు మూసేసేది. నాయనమ్మ 'బేగెల్లండి' అంటే సరిగ్గా సరిపోయేది.

ఆ ముసలమ్మ మాటలన్నీ నాయనమ్మ చేతనే చెప్పించి, అవే రాసి కంపెనీకి పంపాలని నేను గట్టిగా అనుకున్నాను. అడిగితే ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. చాలాసేపు బియ్యం కెలుకుతూ ఉండి, ఒక్కటే అడిగింది.

"నవ్వరు గదా?"

ఎందుకడిగిందో నాకు తెలుసు. గంప ఎత్తిన రోజుల్లో పెద్దిళ్ళ పిల్లలు మేడల మీంచి ఆవిడ కేకను వెక్కిరించేవారట. విశాఖపట్నంలో మా బంధువుల పెళ్ళికి తీసుకెళితే, ఆవిడ నోరు తెరిచిన ప్రతిసారీ పక్కనున్నవాళ్ళు పైట చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా బతుకే అంత. బరంపురంలో మేం తెలుగువాళ్ళం. సరిహద్దులోని గిరిసోల దాటి, ఆంధ్రా వైపు ఇచ్ఛాపురంలో అడుగుపెట్టేసరికి ఒడిశావాళ్ళం. ఇంకాస్త కిందికి దిగితే మాకు అసలు తెలుగే రాదు. ఆ పెళ్ళిలో మిగతా రెండు రోజులూ నాయనమ్మ తలూపుతూ గడిపింది.

"ఎవలూ నవ్వరు నానమ్మా, అందరూ ఏడుస్తారు చూడు," అన్నాను.

అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. ఊరికే చెప్పిందా! మధ్యాహ్నం అన్నాలయ్యాక స్టూలు మీద కూర్చుని, బొమ్మ ముసలమ్మ నోరు చూస్తూ, ఆవిడ కోప్పడితే తనూ కోప్పడుతూ, ఒక్కో మాట రెండు మూడు రకాలుగా అని, "ఇది బాగుందేటి, అది బాగుందేటి?" అని అడిగేది. నెత్తి మీద గంప దిగాక ఆవిడ గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. ఒకరోజు వీధిలో ఆటో అబ్బాయి పైకి చూసి ఎవరితో దెబ్బలాట అని అడిగాడు. "శవాల్తోటి," అంది నాయనమ్మ.

ముసలమ్మ చచ్చిపోయే భాగం వచ్చింది. ఓడ ఒడ్డున ఇసుకలో ఇరుక్కుపోయింది. చచ్చినవాళ్ళు ఇసుక మీదుగా వస్తున్నారు. ముసలమ్మను అప్పటికే ఒకడు కరిచేశాడు, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా దిగి అందరితో పాటు ఓడను నీళ్ళలోకి తోస్తుంది. అది కదిలాక తను మాత్రం ఎక్కదు. కంపెనీ నాకు పంపిన ఇంగ్లీషు ప్రతిలో అక్కడ ఉన్నది వీడ్కోలు మాట. దాన్ని ఎలా అంటావని నాయనమ్మను అడిగాను.

"అలాటి మాట మేం అన్నం," అంది.

మా పల్లెలో పడవను నీళ్ళలోకి తోశాక ఆడవాళ్ళు దాన్ని చూస్తూ నిలబడరు. వెళ్ళొస్తావా అని అడగరు, జాగ్రత్త అనరు. జాగ్రత్త అంటే ప్రమాదం ఉందని నోటితో ఒప్పుకున్నట్టే. ఒక్క మాట అనేసి, వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేస్తారు. నాయనమ్మ బొమ్మ వంక చూస్తూ ఆ మాట అంది.

"కూరొండి ఉంచుతాను. బేగి రండి."

తాతయ్యకు రోజూ అదే మాట చెప్పేదట. ఆయన తిరిగిరాని రోజు తెల్లవారుజామున కూడా చెప్పిందట. ఆ సంగతి ఎంతో మామూలుగా చెప్పి, మళ్ళీ బొమ్మ నోరు ఆడించమంది, సరిపోయిందో లేదో చూడటానికి. సరిపోయింది. నేను లేచి వంటింట్లోకి పోయి ముక్కు చీదుకుని వచ్చాను. నేను రాసిన వేల పేజీల్లో నాకు గర్వమనిపించిన వాక్యం అదొక్కటే. అదీ నాది కాదు.

సీరియల్ టీవీలో రావడం మొదలయ్యాక ఇంటివాళ్ళు మమ్మల్ని కిందికి పిలిచారు. వాళ్ళది పప్పుల హోల్‌సేల్ వ్యాపారం, తాతల కాలం నుంచీ బరంపురంలో ఉన్న తెలుగు కుటుంబం, పెద్ద టీవీ. ఆదివారం మధ్యాహ్నం. నాయనమ్మ తల దువ్వించుకుని, పెట్టెలోంచి మంచి చీర తీయించుకుని కట్టుకుంది. "నా మాటలు వత్తాయి," అని ఇంటావిడకు అప్పటికే పదిసార్లు చెప్పింది. మాకు టీవీ లేదు, ముందు వచ్చిన భాగాలేవీ చూడలేదు. మంచి భాగమని, ముసలమ్మ పోయే భాగానికే వెళ్ళాం.

ముసలమ్మ నోరు తెరిచింది. "మిత్రులారా, ధైర్యంగా ఉండండి. మనం ఈ విపత్తును తప్పక జయిస్తాం."

నాయనమ్మ నా వైపు వంగి, "ఈవిడెవలే? టీచరమ్మేటి?" అని అడిగింది. ఆవిడ ఇంకా తన ముసలమ్మ వేరే ఎక్కడో ఉందనుకుంటోంది.

ఆ ఓడలో తాగుబోతు వంటవాడు ఒకడున్నాడు. పిరికివాడు, దొంగతిండి తింటాడు, అందరి కాళ్ళకూ అడ్డం పడతాడు. వాడు ఇసుక మీద తడబడి పడ్డాడు. చచ్చినవాళ్ళు వాడి కాళ్ళు పట్టుకుని ఈడ్చుకుపోతున్నారు. వాడు గరిటె ఊపుతూ, ముక్కుతో సాగదీస్తూ అరిచాడు.

"ఓలమ్మో, కూరొండి ఉంచుతాను, బేగి రండొరే!"

గదంతా గొల్లుమంది. ఇంటావిడ మనవలు సోఫా మీంచి జారిపడి నవ్వారు. ఇంటావిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఏటో అనుకున్నాను గానీ, అచ్చం మీలాగే మాటాడతన్నాడండీ," అంది నాయనమ్మతో. ఆవిడ చెడ్డది కాదు. మెచ్చుకుంటున్నాననే అనుకుంది. 'ఏటి' అనకుండా పూట గడవని మనిషి, తన నోట్లో ఉన్న తెలుగు విని తనే పగలబడి నవ్వింది. మా వైపు జనం తప్ప ఇలాంటి పని ఎవరూ చేయరు. తెరమీద మన మాట వినపడగానే నవ్వాలని మాకు ఎంత బాగా నేర్పారంటే, ఎవరి మీద నవ్వుతున్నామో కూడా చూసుకోం.

తరవాత ముసలమ్మ ఓడను తోసి, నీళ్ళలో నిలబడి, "వీడ్కోలు" అంది. ఎవరూ ఏడవలేదు. పిల్లలు ఇంకా వంటవాడినే అనుకరిస్తున్నారు.

నాయనమ్మ చివరిదాకా కూర్చుంది. ఇంటావిడ ఇచ్చిన టీ పూర్తిగా తాగింది. మెట్లెక్కేటప్పుడు చేయి పట్టుకోబోతే పట్టుకోనివ్వలేదు.

నేను కంపెనీకి ఫోన్ చేశాను. డబ్బింగు చూసుకునే ఆయన ఎంతో సంతోషంగా ఎత్తాడు.

"మేడమ్, ఆ కూర డైలాగు అదిరిపోయిందండీ. వంటవాడికి కదా, కరెక్టుగా సెట్టయింది."

"అది ముసలమ్మ మాటండీ. మనిషి చచ్చిపోతూ అనే మాట."

"ముసలమ్మ చాలా సీరియస్ క్యారెక్టర్ మేడమ్. ఆ యాస పెడితే ఏడవాల్సిన చోట నవ్వేస్తారు. అందుకే మార్చాం."

"జపానులో ఆవిడది పల్లె యాసే కదా? వాళ్ళు నవ్వారా?"

"జపాను వేరండీ." గొంతు తగ్గించాడు. "మీకు తెలీదేమో, మాదీ ఆ వైపేనండీ, టెక్కలి. మా అమ్మా అలాగే మాట్లాడుతుంది. అందుకే చెప్తున్నా. మన యాస కామెడీకే నిలబడుతుంది."

అప్పటిదాకా వాడు పరాయివాడనుకుని తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను. పరాయివాణ్ణి తిట్టడం తేలిక. వాడు చిన్నప్పుడు తన అమ్మను అన్నం అడిగిన భాషను తీసుకెళ్ళి తాగుబోతు నోట్లో కుక్కి, అదేదో వృత్తి రహస్యం నాకు నేర్పుతున్నట్టు మాట్లాడుతున్నాడు. మీ అమ్మ ఇది చూసిందా అని అడిగాను. ఆవిడ ఇలాంటివి చూడదన్నాడు. చూపించు, చూపించి, ఆవిడ నవ్విందో లేదో నాకు ఫోన్ చేసి చెప్పు అన్నాను. నేను ఇంకా చాలా అన్నాను, అవి అచ్చులో పట్టవు. అవన్నీ మా పల్లె తెలుగులోనే అన్నాను. వాడికి ఒక్క ముక్కకు కూడా నవ్వు రాలేదు.

ఆ సీరియల్‌ని చచ్చినవాళ్ళ కథ అంటారు. నాకు అందులో శవాలంటే భయం వేయలేదు. వాటికి తమ ఊరు, తమవాళ్ళు గుర్తుండరు, ఎదురొచ్చినవాణ్ణి కరిచి తమలాగే చేసుకుంటాయి, అంతే. అలాంటివాళ్ళు స్టూడియోల్లో ఏసీ గదుల్లో కూర్చుని ఉద్యోగాలు చేస్తున్నారు.

నాయనమ్మ ఆ సంగతి ఎత్తలేదు. నేనే ఒకటి రెండుసార్లు ఎత్తబోతే, పొయ్యి మీద పాలున్నాయని లేచి వెళ్ళింది. మొదట్లో నేను గమనించలేదు. కింద ఇంటావిడ పలకరిస్తే ఒడియాలో జవాబు చెప్పింది. ఇంటావిడ నవ్వి తనూ ఒడియాలోనే మాట్లాడింది, ఈ ఊళ్ళో అదేమంత వింత కాదు. విశాఖపట్నం నుంచి బంధువులు ఫోన్ చేస్తే నిద్రపోతున్నానని చెప్పమంది. కూరలబ్బాయి తెలుగువాడే, వాడితోనూ ఒడియాయే. ఒడియా ఆవిడకు గంపతో నేర్చుకున్న భాష, బజారు భాష. మా ఇంటి గడప లోపల ఎవరితోనూ ఆవిడ దాన్ని వాడగా నేను చూడలేదు.

నేను ఆ కంపెనీ మానేసి మరో చోట పని వెతుక్కున్నాను. అక్కడి మొదటి కథలో ఒక అమ్మమ్మ ఉంది. ఒక మధ్యాహ్నం నాయనమ్మ స్టూలు లాగి నా పక్కన వేసి, ఆవిడను పిలిచాను. వచ్చి కూర్చుంది. అమ్మమ్మ బొమ్మ నోరు ఆడించి చూపించాను. మనవరాలు అలిగి అన్నం తినకపోతే బతిమాలుతోంది.

"ఇక్కడ నువ్వయితే ఏటంటావు నానమ్మా?"

ఆవిడ ఆ బొమ్మ వంక చాలాసేపు చూసింది. పెదాలు కదిలాయి, మాట అక్కడిదాకా వచ్చిందని నాకు తెలిసింది. అప్పుడు నా వైపు తిరిగి, కొత్తవాళ్ళతో మాట్లాడినంత మర్యాదగా, "మూ జాణినీ," అంది.

నాకు తెలియదు అని. నాతో, ఒడియాలో.