ఎండ పక్షం హనుమయ్య

మా ఆయన పేరు హనుమయ్య. పామర్రులో మోటార్లకు వైండింగ్ కట్టే షాపు. ముప్పై ఏళ్లుగా అదే పని. దేశానికి కరెంటు ఎక్కణ్ణుంచి రావాలో గంటసేపు చెప్పగలడు గానీ, మా వంటింట్లో ఫ్యాను ఆగిపోయి ఆరు నెలలైనా ముట్టుకోడు. "చూద్దాంలేవే" అంటాడు. ఆ చూడ్డం ఎప్పటికో ఆ భగవంతుడికే తెలియాలి.

ఏటా జనవరిలో విజయవాడలో కరెంటు మీద జనం అభిప్రాయాలు వినే సభ పెడతారు. పేరు రాయించుకున్న ఎవరైనా మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. తొమ్మిదేళ్లలో ఈయన ఒక్కటీ తప్పలేదు. ఈయనది ఎండ పక్షం, అంటే సౌరవిద్యుత్తే చాలంటాడు. అణువిద్యుత్తు ప్లాంటు కట్టేసరికి పదిహేనేళ్లు పడుతుంది, దాని వ్యర్థాన్ని వేల ఏళ్లు కాపలా కాయాలి, మన ఎండ మనకుండగా ఆ తద్దినం ఎందుకంటాడు. ఎదుటి పక్షం నతానియేలు గారు, రిటైరైన ఇంజినీరు. "సాయంత్రం అయ్యేసరికి మీ ఎండ ఇంటికెళ్లిపోతుందండీ హనుమయ్యగారూ! అణువిద్యుత్తు రాత్రీ పగలూ ఉంటుంది" అంటారాయన. మైకు దగ్గర ఇద్దరూ కొట్టుకున్నంత పని చేసి, బయటికొచ్చి కలిసి టీ తాగుతారు.

వాదన వాదనగా ఉన్నంతకాలం నాకేం బాధ లేదు. పోయిన వేసవిలో అది మా ఆడపడుచు శివపార్వతి చెరువు మీదికి వెళ్లింది. తను ఊరి బయట రెండెకరాల రొయ్యల చెరువు కౌలుకు చేస్తోంది. నీళ్లను చిలికి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగితే రొయ్యలకు ఊపిరాడదు. లైను పోయినప్పుడు వాటిని నడపడానికి ఒక డీజిల్ జనరేటర్ ఉండేది. ఈయన వెళ్లి, "ఆ పొగగొట్టం అమ్మేసి సోలార్ ప్యానెళ్లు పెట్టించవే" అన్నాడు.

"మబ్బు పడితే అన్నయ్యా?"

"మన దగ్గర మబ్బెన్ని రోజులుంటుందే! నేను చెబుతున్నాగా, నాదీ పూచీ."

అన్న మాట మీద పార్వతి జనరేటర్ అమ్మేసింది.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. స్తంభాలు పడి లైను పోయింది. మూడు రోజులు సూర్యుడి జాడ లేదు. బ్యాటరీలు ఒక్క పూట లాగి చేతులెత్తేశాయి. అద్దెకు తెద్దామన్నా జనరేటర్ ఎక్కడా దొరకలేదు. ఎండ లేకపోతే చెరువులో నాచు కూడా ప్రాణవాయువు వదలదట. అంటే ఏ రోజు ప్యానెళ్లు పనిచేయవో, సరిగ్గా ఆ రోజే చెరువుకు ఏరేటర్లు ఎక్కువ కావాలి. మోటార్లతోనే బతికిన మనిషికి ఈ ముక్క తట్టలేదు చూడండి!

మూడో రోజు పొద్దున మేం వెళ్లేసరికి రొయ్యలు గట్టువారకొచ్చి తేలుతున్నాయి. ఈయన మొలలోతు నీళ్లలోకి దిగి రెండు చేతులతో నీళ్లు కొట్టడం మొదలుపెట్టాడు. రెండెకరాల చెరువుని చేతులతో కొడితే ఏమవుతుంది? చూడలేక ఏడ్చేశాను. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. పార్వతి గట్టు మీద కూలబడింది. ఆ తర్వాత మా గడప తొక్కలేదు.

జనవరి వచ్చింది. ఈయన మళ్లీ కాగితాలు తీశాడు. అవే అయిదు పేజీలు. నాకు ఒళ్లు మండింది.

"ఏవండీ, చెరువు సంగతి అందులో ఉందా?"

"అది చెబితే తొమ్మిదేళ్లుగా చెప్పిందంతా గాల్లో కలిసిపోతుందే. అవతలివాళ్లకు పండగ."

"కలిసిపోనీండి. ఆడపిల్ల కొంప ముంచి, ఇంకా మీ మాటే నెగ్గాలా?"

ఆయన కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. ఇద్దరం బస్సెక్కి, కంకిపాడు మీదుగా వెళ్లి విజయవాడ బస్టాండులో దిగాం.

సభ జరిగే హాల్లో చివరి వరుసలో పార్వతి కనిపించింది. వెళ్లి పక్కన కూర్చున్నాను. "మళ్లీ అదే చెబుతాడేమో విందామని వచ్చా వదినా" అంది.

ఆయన పేరు పిలిచారు. మైకు దగ్గరికెళ్లి మొదటి పేజీ చూశాడు, తర్వాత మా వైపు చూశాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మా చెల్లెలు రొయ్యల చెరువు చేస్తుందండీ. నా మాట విని జనరేటర్ అమ్మేసింది. మూడు రోజులు మబ్బు పట్టింది, చెరువంతా పోయింది. తప్పు ఎండది కాదు, నాది. ఎండ వద్దని నేనిప్పటికీ అనను. కానీ ఎండని నమ్ముకోమని జనానికి చెప్పేటప్పుడు, మబ్బు రోజు ఎవరు ఆదుకుంటారో కూడా రాసివ్వండి. అది తెలియకుండా నాలాగా పూచీ పడకండి."

అణువిద్యుత్తు కావాలనేవాళ్లు చప్పట్లు కొట్టారు. నతానియేలు గారు మాత్రం కొట్టలేదు, తల వంచుకున్నారు.

"ఆగండి" అన్నాడు ఈయన. "మీ ప్లాంటు రావడానికి పదిహేనేళ్లు. మా చెల్లెలి పంట నాలుగు నెలలు. అప్పటిదాకా తనకేం చెబుతారు?"

చప్పట్లు ఆగిపోయాయి.

బయట మెట్ల మీద పార్వతి ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"వచ్చే నెల మళ్లీ చెరువులో రొయ్యపిల్లల్ని వదలాలి అన్నయ్యా. జనరేటర్ కొననా, ప్యానెళ్లే నమ్ముకోనా? ఏం చేయమంటావు?"

ఈయన జేబులోని కాగితాల మీద చెయ్యి వేశాడు.

"తెలీదమ్మా" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

పార్వతి కళ్ల నిండా నీళ్లు. "వేసవిలో ఈ మాట అనుంటే నా చెరువు ఉండేది" అంది.