కొనని ఏడాది, నిలబడని అభ్యర్థి

పోయినసారి ఇల్లు మారినప్పుడు సామాను ఎక్కించడానికి వచ్చిన ఆటో అతను మా బకెట్లన్నీ చూసి, "అక్కా, మీకు బకెట్ల అంగడి ఉండాదా?" అని అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. మా ఊళ్లో కుళాయి ఎప్పుడొస్తుందో కుళాయికే తెలియదు. నీళ్లు రాని ప్రతిసారీ నేనొక బకెట్ కొన్నాను. బకెట్ కొంటే సగం నీళ్లు వచ్చినట్టే ఉండేది. వాటి వెనక నుంచి ఇస్త్రీపెట్టెలు, మూతలు లేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు, ఫోన్లో బొమ్మ చూసి తెప్పించుకుని ఒక్కసారీ వాడని కూరగాయలు తరిగే యంత్రం బయటపడ్డాయి. అన్నీ నేను కొన్నవే.

ఆ సాయంత్రం కొత్తింట్లో మూటల మధ్య కూర్చుని, ఇక ఏడాదిపాటు కొత్త వస్తువేదీ కొనేది లేదని ప్రకటించాను. తిండి, మందులు, సబ్బు, గ్యాసు లాంటి తప్పనిసరివి మాత్రమే కొంటాం. మిగతావన్నీ ఉన్నదాంతో సరిపెట్టుకోవాలి, లేదా బాగుచేయించుకోవాలి. మా ఆయన వెంటనే ఒప్పుకున్నారు. నా తీర్మానాలు వారం దాటి నిలవవని ఆయన ధైర్యం.

ఆయన గుంతకల్లులో రైల్వే ఆఫీసులో గుమాస్తా. మా ఊరి నుంచి రోజూ రైల్లో వెళ్లి వస్తారు. నేను ఇక్కడి హైస్కూల్లో తెలుగు చెబుతాను. మాతో ఉండే మూడో మనిషి మా అత్త. ఆమె కుందుర్పి దిక్కు మెట్టచేలల్లో వేరుశనగ, మా మాటలో చెనిక్కాయ, పండించిన మనిషి. పంట వచ్చిన ఏళ్లకంటే రాని ఏళ్లే ఆమెకు బాగా గుర్తు. అందువల్ల నా తీర్మానానికి అందరికంటే ముందు ఆమె సంతోషిస్తుందనుకున్నాను.

"ఏమ్మే, ఏమీ కొనకుండా ఉండేదానికి ఇద్దరు ఉద్యోగాలు చేసేది ఎందుకు?" అంది ఆమె. "మేం ఉద్యోగం లేకుండానే కొనకుండా ఉంటిమి."

"అది వేరే అత్తా. ఇది మనం కావాలని చేసేది."

"కావాలని ఎవరన్నా కరువు తెచ్చుకుంటారా?" అని ఆమె అటు తిరిగి పడుకుంది.

వారం దాటింది. నాకే ఆశ్చర్యం వేసింది. మొదటి దెబ్బ మిక్సీ కొట్టింది. ఒక ఉదయం పచ్చడి మధ్యలో పొగ వదిలి ఆగిపోయింది. బాగుచేసే అతను ఊరికి వెళ్లాడన్నారు. నేను పెరట్లో ఇంటివాళ్లు వదిలేసిన రోలు కడిగి, ఊరిబిండి పచ్చడికి చెనిగింజలు వేయించి, అత్త కళ్లు మెరుస్తాయేమోనని చూశాను. ఆమె దగ్గరికి కూడా రాలేదు.

"నీకు రుబ్బేది బాగా వచ్చు కదా అత్తా."

"వచ్చు. అందుకే రుబ్బను," అంది.

నేనే రుబ్బాను. అరచేయి బొబ్బలెక్కింది. ఊరిబిండిలో చెనిగింజలు కొన్ని పూర్తిగా క్షేమంగా ఉన్నాయి. మా ఆయన సంగటితో తింటూ, ఒక్కో గింజా కొరికినప్పుడు వచ్చే చప్పుడు నాకు వినిపించకుండా దగ్గుతూ ఉన్నారు.

ఆయన ఓర్పు గురించి చెప్పాలి. చెప్పు వారు తెగితే కుట్టించుకున్నారు. మడమ అరిగితే టైరు ముక్క వేయించుకున్నారు. అది ఒక కాలికే వేయించడంతో నడుస్తుంటే ఒక అడుగు వినపడేది, ఇంకో అడుగు వినపడేది కాదు. చొక్కా కాలర్ చిరిగితే పక్కింట్లో బట్టలు కుట్టే అక్క దాన్ని విప్పి, వెనక్కి తిప్పి కుట్టింది. రంజాన్ బట్టల కుట్టుతో తలమునకలుగా ఉండి కూడా మా పనికి వంక పెట్టలేదు. టిఫిన్ పెట్టుకునే సంచి చినిగితే ఆయన పాత చొక్కా ఒకటి కోసి సంచి చేసిపెట్టింది. బొత్తాలు, జేబు అలాగే ఉంచింది. రైలు పాసు పెట్టుకోవడానికి జేబు పనికొస్తుందని ఆమె ఆలోచన. పొద్దున్నే చొక్కా వేసుకుని, ఇంకో చొక్కాను చేతికి తగిలించుకుని ఆయన స్టేషన్‌కు వెళ్తుంటే వీధిలో వాళ్లు ఆగి చూసేవారు.

చూసి ఊరుకుంటే బాగుండేది. అప్పుడు వార్డు ఎన్నికలు వస్తాయని ఊరంతా అనుకుంటున్నారు. ఎన్నికల వాసన తగిలితే మా వైపు మనుషుల చూపే మారిపోతుంది. మంచి చొక్కా వేసుకున్నవాడికి కాంట్రాక్టు దొరికిందంటారు. పాత చొక్కా వేసుకున్నవాడికి ఓట్లు కావాలంటారు.

ఒక ఆదివారం ఉదయం ఆయన మా వీధి చివర బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జి తినడానికి వెళ్లారు. బెంచీ మీద చోటు లేక పళ్లెం పట్టుకుని ఓ పక్కన నిలబడ్డారు. వెనక వీధిలో ఉండే ఒక పెద్దమనిషి వచ్చి అడిగాడట.

"ఏమన్నా, నిలబడతాండావంటనే?"

"నిలబడతాండా అప్పా. కూచునేదానికి చోటు యాడుండాది?"

"కష్టం కదన్నా?"

"రోజూ రైల్లో నిలబడేవాణ్ని. నాకు ఇదేమన్నా కొత్తా?"

ఆ పెద్దమనిషి ఎంతో తృప్తిగా తల ఊపి, మా ఆయన బజ్జీకి కూడా తనే డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. ఈయన ఇంటికొచ్చి, లోకంలో ఇంకా మంచివాళ్లున్నారని నాతో చెప్పారు.

మర్నాడు పక్కింటి అక్క గోడ మీదుగా అడిగింది. "ఏమక్కా, సార్ ఎలక్షన్‌లో నిలబడతాండాడంట. మాకు ముందే చెప్పకూడదా? నేను కుట్టిన కాలర్ కదా."

ఆ మాట విని నేను నవ్వాను. మా ఆయన నవ్వలేదు. ప్రభుత్వ ఉద్యోగి పోటీ చేయకూడదు, ఈ మాట ఆఫీసుకు చేరితే ఏమవుతుందోనని ఆయన భయం. వీధిలో కనబడినవాళ్లందరికీ, "నేను నిలబడటం లేదప్పా," అని చెప్పుకుంటూ తిరిగారు. చెప్పేకొద్దీ నమ్మకం పెరిగింది.

"పెద్ద లీడర్లంతా ముందు ఇట్లనే అంటారు," అన్నాడు బజ్జీకి డబ్బులిచ్చిన పెద్దమనిషి.

"నేను రైల్వే ఉద్యోగినప్పా."

"రాజీనామా చేస్తాండావంట కదన్నా. చెప్పినారులే."

ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. ఇంటికి మనుషులు రావడం మొదలైంది. ఒకాయనకు పింఛను రాలేదు. ఇంకొకామెకు పక్కవాళ్ల గోడ తన స్థలంలోకి జరిగిందని అనుమానం. కర్ణాటక అంచున ఉన్న గుమ్మఘట్ట నుంచి మా వీధికి కొత్తగా వచ్చిన ఒక కుటుంబం వాళ్లు సగం కన్నడంలో, సగం తెలుగులో ఏదో కష్టం చెప్పుకున్నారు. ఏ సగమూ మా ఆయనకు పూర్తిగా అర్థం కాలేదు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్లాక వచ్చేవాళ్లను మా అత్త చూసుకునేది. వరండాలో కుర్చీ వేసుకుని అందరి మాటా వినేది.

"మావాడు చూస్తాడు పోండి," అని పంపించేది.

"ఎందుకమ్మా అట్ల చెప్తావు? నేనేం చూస్తాను?" అని ఈయన మొత్తుకుంటే, "చూస్తాడంటినే గాని, చేస్తాడంటినా?" అనేది.

అంతలో బోరు వేసే లారీ ఒకటి మా సందులో ఇరుక్కుని, వెనక్కి తీయబోయి కుళాయి పైపును పగలగొట్టి పోయింది. వీధికి వచ్చే ఆ కాసిని నీళ్లూ కాలువ పాలయ్యాయి. జనమంతా మా ఇంటి ముందుకు వచ్చారు. తప్పించుకునే దారి లేక మా ఆయన మునిసిపల్ ఆఫీసుకు వెళ్లారు. మామూలు మనిషిగా చెప్పుకుని, పని కాకపోతే కాలేదని వచ్చి చెబుదామని, దాంతో ఈ గొడవ వదిలిపోతుందని ఆయన ఆశ.

అక్కడ ఇంజనీరు లేచి కుర్చీ చూపించాడట. టీ తెప్పించాడట. తిప్పి కుట్టిన కాలర్ వైపు, జేబున్న సంచి వైపు చాలాసేపు చూసి, "నిలబడతాండారంట కదా సార్," అన్నాడట.

"లేదండీ, నేను నిలబడటం లేదు."

"అర్థమైంది సార్. నాకాడ కూడా చెప్పొద్దులేండి."

మరుసటి రోజే మనుషులొచ్చి రోడ్డు తవ్వి కొత్త పైపు వేశారు. నీళ్లు ఇదివరకటికంటే ఎక్కువ ధారగా వచ్చాయి. ఆ ధారను చూస్తూ మా ఆయనంత దిగులుగా నిలబడ్డ మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

వీధివాళ్లు సన్మానం పెట్టారు. రెండు సందుల మధ్య చిన్న పందిరి, మైకు, శాలువా. తల్లిని కూడా పక్కన కూర్చోబెడతామన్నారు. ఆ మాట వినగానే అత్త నన్ను పిలిచి, తనకు కొత్త చీర కావాలంది.

ఏడాది ఇంకా నిండలేదు. ఇన్ని నెలలు నిలబెట్టుకున్న పట్టు వదలడం నాకు ఇష్టం లేదు. నా పట్టుచీర తీసి ఆమె ముందు పెట్టాను. "కొత్తదే అత్తా. రెండుమూడుసార్లే కట్టినా. నీకు బాగుంటుంది."

ఆమె చీరను ముట్టుకోలేదు. మెల్లగా చెప్పింది.

"నేను కాపురానికి వచ్చినాక వరసాగ్గా వానల్లేవు. మా ఆడబిడ్డ ఉన్నోళ్ల ఇంట్లో పడింది. ఆయమ్మ కట్టి విడిచిన చీరలే నాకు వచ్చేవి. మంచి చీరలే, కాదన్లేదు. యా పెండ్లికి పోయినా ఎవరో ఒకరు, ఇది ఆయమ్మ చీర కదా అనేవాళ్లు. చీరను గుర్తుపట్టేవాళ్లు గానీ నన్ను గుర్తుపట్టేవాళ్లు కాదు. నీకు పాతది కట్టేది కొత్త. నాకు అదే పాత."

తప్పనిసరి అంటే ఏమిటో నేను ఆ మొదటి సాయంత్రం ఎంత సులువుగా చెప్పేశానో గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ సాయంత్రమే ఆమెను బట్టల అంగడికి తీసుకెళ్లాను. ఆమె అంగడి అతని చేత అరలన్నీ దింపించి, చివరికి ముదురు ఆకుపచ్చ చీర ఎంచుకుంది. మడత విప్పకుండానే ముఖానికి దగ్గరగా పెట్టుకుని వాసన చూసింది.

"పట్టు వదిలేశావు కదా, నాకు కూడా చెప్పులు కొనుక్కోనా?" అని మా ఆయన ఆశగా అడిగారు.

"చెప్పులు తప్పనిసరి కాదు," అన్నాను.

సన్మానంలో మా అత్తను చూసినవాళ్లు ఆమె చీరను మెచ్చుకున్నారు. ఎక్కడ కొన్నావని అడిగారు. అడిగిన ప్రతివాళ్లకూ అంగడి పేరు, సందు, గుర్తులు అన్నీ చెప్పింది. శాలువా కప్పించుకున్న మా ఆయన మైకు అందుకుని, "నేను ఎన్నికల్లో నిలబడటం లేదు," అని స్పష్టంగా ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒకామె కళ్లు తుడుచుకుంది.

ఏడాది నిండిన కొద్దిరోజులకు ఎన్నికలు రానే వచ్చాయి. నామినేషన్లు ముగిశాయి. మా ఆయన వేయలేదు. అదే వారంలో, ఎండలు మండిపోతుంటే, నేను జీతం అందగానే ఎయిర్ కూలర్ కొన్నాను. దాన్ని ఆటోలో ఎక్కించి మిట్టమధ్యాహ్నం వీధి మొత్తం చూస్తుండగా ఇంటికి తెచ్చాము. అట్టపెట్టె దింపేలోపే మాట పుట్టింది.

"అదప్పా సంగతి. అవతల పార్టీవాళ్లు కొనేసినారు సార్‌ను."

బజ్జీకి డబ్బులిచ్చిన పెద్దమనిషి మా ఆయనతో మాట్లాడటం మానేశాడు. ఈయన బాధపడ్డారు. ఇన్ని నెలలు నిలబడటం లేదని చెబితే నమ్మని జనం, నిలబడకపోతే అమ్ముడుపోయాడంటే ఒక్క పూటలో నమ్మారని ఆయన బాధ. అత్త మాత్రం వరండాలో కూర్చుని, అటుగా పోయేవాళ్లకు వినపడేట్టు అంది.

"అమ్ముడుపోయే సరుకైతే, వాని చిన్నప్పుడు కరువులో నేనే అమ్ముకునుండేదాన్ని కాదా. ఎవరూ అడగలేదప్పా."

దాంతో వీధిలో చాలామంది నవ్వేశారు, సగం కోపం పోయింది. మిగతా సగం ఎండకు పోయింది. మధ్యాహ్నాలు మా అత్త కూలర్ వేసుకుని తలుపు తెరిచి పెడితే, పక్కింటి అక్క, గుమ్మఘట్ట కుటుంబంలోని ఆడవాళ్లు, ఇంకా కొందరు వచ్చి దాని ముందు కూర్చునేవారు. ఆ చల్లగాలికి చెమటలారబెట్టుకుంటూనే మా ఆయన ఎవరికి అమ్ముడుపోయాడన్న దాని మీద వాదించుకునేవారు. నేను స్కూలు నుంచి వచ్చేసరికి, "కొంచెం పెద్దది తెచ్చుకోవాల్సింది టీచరమ్మా, వెనక కూచునేవాళ్లకు గాలి అందడంల్యా," అనేవారు.