లేదని చెప్పని రెడ్డెమ్మ

చౌడేపల్లె దగ్గరి పల్లె నుంచి పుంగనూరుకు రోజూ మోపెడ్ మీద పాలు తీసుకుపోతుంది రెడ్డెమ్మ. చీర కుచ్చిళ్లు నడుముకు దోపి, చెరోపక్క ఒక క్యాను కట్టి, మలుపు ఇంకా ఆమడ దూరం ఉండగానే హారన్ మోగిస్తుంది. ఆ బండి వల్లే ఆమెకు సర్కారు ఇల్లు తప్పిపోయింది. మోటారు బండి ఉన్నవాళ్లకు ఇల్లు రాదని అప్పట్లో రూలు. ఊళ్లో అందరూ బండ్లు దాచేశారు. ఆమె మాత్రం సర్వేవాళ్లు అడగ్గానే "నాదే" అంది. అందుకే ఇప్పటికీ రేకుల కొట్టంలోనే కాపురం.

మొన్న మళ్లీ సర్వేకు గ్రామ సచివాలయం నుంచి సుమతి వచ్చింది. మరిది మునెప్ప ముందుగానే బండిని గడ్డివాము వెనక్కి తోసి, "ఈసారన్నా లేదని చెప్పు వదినా" అని బతిమాలాడు. రెడ్డెమ్మ తలూపింది.

"బండేమన్నా ఉండాదా అక్కా?" సుమతి ఫోన్ చూస్తూ అడిగింది.

రెడ్డెమ్మ కారే పైకప్పు వైపు చూసింది. "ఉండాది. పదేండ్లుగా నాకు అన్నం పెడతాండాది. దాన్ని లేదని యాల చెప్పాల? రాసుకో తల్లీ."

మునెప్ప నెత్తి పట్టుకున్నాడు. సుమతి మాత్రం నవ్వింది. "రూలు మారిందక్కా. మోపెడ్ ఉన్నా ఇప్పుడు అడ్డం లేదు. రా, ఇంటి ముందర నిలబడు, ఫోటో తీయాల."

రెడ్డెమ్మ నిలబడలేదు. బండిని తోసుకొచ్చి, సీటు మీది గడ్డి దులిపి, ఎక్కి కూర్చుంది.

"ఊ, ఇప్పుడు తియ్యి."