ఎల్లిగడ్డ నూనె సీసా

కోరుట్లలో జగిత్యాల బస్సెక్కేసరికి నా మూడేళ్ల కూతురు ఒళ్లో నిద్రపోయింది. రెండు రోజులు చెవినొప్పితో ఏడ్చిన పిల్ల, ఆ పొద్దున ఎడమ చెవిలోంచి చీము కారగానే ఊరుకుంది. పీడ వదిలిందనుకున్నాను. మళ్లీ నొప్పి రాకుండా, మా అత్తమ్మ వెల్లుల్లి వేసి కాచి ఇచ్చిన ఎల్లిగడ్డ నూనె రెండు చుక్కలు వేద్దామని సీసా మూత తిప్పాను.

పక్కన కూర్చున్న బురఖా ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఆగు చెల్లె. చీము కారే చెవిల నూనె పొయ్యద్దు."

"నొప్పి తగ్గిందక్కా," అన్నాను.

ఆమె మెడంతా తిప్పి, కుడి చెవి నా నోటి దగ్గరికి తెచ్చింది. "మళ్లోసారి చెప్పు. గా ఎడమ చెవి ఇనబడదు."

మళ్లీ చెప్పాను.

"నాకు గూడ గట్లనే తగ్గింది. చీము కారంగనే నొప్పి పోయింది. మా అమ్మీ నూనె పోసి ఊకున్నది. లోపలి పొరకు తూటు పడ్డదని ఎవలకెరుక? ఇయ్యాల్నే డాక్టర్‌కు చూపియ్యి. మందు రాస్తే, తగ్గిందని నడుమల ఆపకు."

సీసా మూత తనే బిగించి నా సంచిలో పెట్టింది.

జగిత్యాలలో దిగి నేరుగా డాక్టర్ దగ్గరికే వెళ్లాను. కర్ణభేరికి చిల్లు పడిందన్నాడు. మందు చివరి రోజుదాకా తాగించాను. కొన్ని వారాలకు చిల్లు మూసుకుంది.

పాపకిప్పుడు ఏడేళ్లు. అది బొమ్మలు గీసుకుంటుంటే ఎడమవైపు నిలబడి గుసగుసగా పిలుస్తుంటాను.

"ఏందమ్మా, ఊకూకె పిలుస్తవు?" అని తలెత్తకుండానే విసుక్కుంటుంది.