మొగలి పొదల దారిలో పెద్ద బండి

మోటార్ సైకిల్ నడపడం నేర్చుకునేసరికి నాకు నలభై దగ్గర పడింది. అప్పటికి బరంపురంలో మా పసుపు, మిరపకాయల హోల్‌సేల్ దుకాణాన్ని అన్నయ్యా నేనూ కలిసి చూసుకుంటున్నాం. దుకాణంలో అన్నయ్య కూర్చునేవాడు. ఊళ్ళు తిరిగి, చిన్న దుకాణాల వాళ్ళను కలిసి, ఎవరికి ఏ సరుకు కావాలో కనుక్కుని రావడం నా వంతు. ఛత్రపూర్, రంభ, వాటి మధ్య పల్లెలు. అన్నింటికీ బస్సులోనే వెళ్ళేదాన్ని. కిటికీ పక్కన సీటు దొరికితే ఇక నేను నాలో ఉండను. ఎక్కడ దిగాలో కూడా గుర్తుండేది కాదు. ఒకసారి అలాగే ఛత్రపూర్‌లో దిగాల్సింది మరిచిపోయాను. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ నిద్రలోంచి లేచినట్టుగా చూసేసరికి బస్సు ఋషికుల్య వంతెన మీద ఉంది. కింద ఇసుక తిన్నెలు, సన్నటి నీటి పాయ, ఆ నీళ్ళలో మోకాలి లోతున నిలబడ్డ గేదెలు, అన్నీ తాపీగా వెనక్కి జరిగిపోతున్నాయి.

వంతెన దాటాక దిగి, తిరుగు బస్సు కోసం టీ బడ్డీ దగ్గర నిలబడ్డాను. అప్పుడు వచ్చిందా బండి. పెద్దది, నల్లది. శబ్దం చెవులకు కాదు, అరికాళ్ళకు ముందు తెలిసింది. నడుపుతున్న మనిషి బండి ఆపి హెల్మెట్ తీస్తే, నాకంటే నాలుగైదేళ్ళు పెద్దావిడ. జుట్టు కొంచెం నెరిసింది. టీ తాగి, ఒళ్ళు విరుచుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా భువనేశ్వర్ వైపు వెళ్ళిపోయింది. నేను ఆవిణ్ణి ఒక్క మాటా అడగలేదు. తర్వాత బస్సు వచ్చింది, ఎక్కాను. ఆ రోజు ఎవరికి ఏం సరుకు రాసుకున్నానో నాకు సరిగ్గా తెలీదు.

మా ఆయన బళ్ళో లెక్కలు చెబుతారు. ఆయనకు సైకిల్ తప్ప ఏదీ రాదు, రావాలన్న కోరికా లేదు. ఇంటికెళ్ళి ఆయనతో, "నేను మోటార్ సైకిల్ నేర్సుకుంటానండీ" అన్నాను.

ఆయన దిద్దుతున్న కాగితాల మీంచి తల ఎత్తి, "నేర్సుకో. నేను ఎనకాల కూకుంటాను" అన్నారు. అంతే, మళ్ళీ తల దించుకున్నారు.

నేర్పింది అన్నయ్యే. తన చిన్న బండి మీద, ఆదివారాలు తెల్లవారాక, ఊరి బయట ఖాళీ స్థలంలో. క్లచ్ వదిలితే ఆగిపోయేది, పట్టుకుంటే కదిలేది కాదు. అన్నయ్య పక్కనే పరిగెత్తుతూ అరిచేవాడు. ఒక పొద్దున ఏమైందో ఏమో, అరుపు వినపడలేదు. వెనక్కి చూస్తే వాడు చాలా దూరంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నా కింద నేల దానంతటదే పోతోంది. ఆ వానాకాలం అయ్యేలోపు లైసెన్సు చేతికొచ్చింది.

ఇక బండి కొనాలి. గొడవ అక్కడే మొదలైంది.

"ఇలాటిదే ఇంకోటి కొనుక్కో. నీ సేతికి ఒదిగిపోయింది కదా" అన్నాడు అన్నయ్య.

"రంభ దాకా హైవే మీద ఎల్లాలి కదా అన్నయ్యా. పక్కనుండి లారీ పోతే ఇది ఊగిపోతంది."

"మెల్లిగా ఎల్లు."

"మెల్లిగా ఎల్తే ఇంకా ఊగుతంది."

నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ వంతెన అవతల చూసిన బండి సంగతి మాత్రం వాడికి చెప్పలేదు. చెబితే నవ్వుతాడని కాదు. మాటల్లో పెడితే చిన్నదైపోతుందేమో అనిపించింది.

ముగ్గురం కలిసి షోరూమ్‌కి వెళ్ళాం. అక్కడి కుర్రాడు ఒడియావాడు. "నానీ, స్కూటీ దేఖిబే కి?" అన్నాడు. గంజాం వైపు అక్కను నానీ అంటారు. స్కూటీ చూస్తారా అని మర్యాదగానే అడిగాడు. నేను మూలన ఉన్న మూడువందల యాభై సీసీ బండి వైపు చెయ్యి చూపించాను. అతను అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య మా ఆయన వైపు చూశాడు. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

ఎక్కి కూర్చున్నాను. పాదాలు నేలకు ఆనాయి. హ్యాండిల్ తిన్నగా పట్టుకుని బండిని నిలబెట్టబోయాను. అది నాతో పాటు లేచింది, లేచి అవతలి వైపు ఒరిగింది. ఎంత మెల్లిగా ఒరిగిందంటే, పడిపోతున్నామని నాకు తెలుస్తూనే ఉంది గానీ ఏమీ చెయ్యలేకపోయాను. అన్నయ్య, ఆ కుర్రాడు ఇద్దరూ చెరోవైపు పట్టుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు చూడనట్టు నటించారు. నా చెవులు వేడెక్కిపోయాయి.

బయటికొచ్చి రోడ్డు పక్కన ఉప్మా, దాంతో ఘుగుని అనే బఠాణీల కూర తింటున్నాం. అన్నయ్య దొన్నె చేత్తో పట్టుకుని, "సూసావా? నిలబెట్టడానికే ఇద్దరు కావాల. కొత్తగా నేర్సుకున్నోల్లకి అంత బలం ఎందుకే? సిన్నది తోలు, ఒక ఏడాది అయ్యాక సూద్దాం" అన్నాడు. వాడు చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు.

మా ఆయన చాలాసేపు బఠాణీలు ఏరుకుని తిన్నారు. తర్వాత నన్ను అడిగారు. "నీకు బయమేస్తందా?"

"ఏస్తంది."

"అయినా అదే కావాలా?"

"అదే కావాలి."

"అయితే తీసుకో. బయం ఉన్నోల్లు సూసుకుని తోల్తారు" అన్నారు. అన్నయ్య ఆ మాటకి నవ్వలేదు, ఒప్పుకోలేదు, ఘుగుని మాత్రం ఇంకొంచెం వేయించుకున్నాడు.

బండి వచ్చింది. మా గోదాములో పసుపు బస్తాల పక్కన ఒక గోనెపట్టా కప్పి పెట్టాం. నిజం చెప్పాలంటే మొదటి వారం దాన్ని బయటికి తీయలేదు. పొద్దున్నే వెళ్ళి, పట్టా తీసి, ఇంజను వేయకుండా దాని మీద కూర్చునేదాన్ని. ఎత్తు మీదున్న చిన్న కిటికీలోంచి వెలుతురు పడేది. గాలిలో ఎప్పుడూ ఉండే పసుపు పొడి ఆ వెలుతురులో తేలుతూ ఉండేది. కళ్ళు సగం మూసుకుంటే వంతెన వచ్చేది, గేదెలు వచ్చేవి, ఆ తర్వాత కొండలు పక్కకు తప్పుకుని రంభ దగ్గరి చిలికా సరస్సు నీళ్ళు కనిపించేవి. ఒక రోజు అన్నయ్య ఎప్పుడొచ్చాడో తెలీదు, గుమ్మంలో నిలబడి, "ఏటే, ఎంత దూరం ఎల్లావు?" అన్నాడు.

"రంభ దాకా" అన్నాను ఉలిక్కిపడి.

"పెట్రోలు ఏటీ అవ్వనేదు మరి" అన్నాడు. బండి కొన్నాక వాడు నాతో నవ్వుతూ మాట్లాడటం అదే మొదలు.

ఆ మర్నాడే నిజంగా బయల్దేరాను. ఛత్రపూర్ దాకా జాగ్రత్తగానే వెళ్ళాను. లారీలు పక్కనుంచి పోయాయి, బండి కదల్లేదు. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. రోడ్డు తెల్లగా మొదలై తెల్లగానే అయిపోతోంది. చిన్న బండి మీద వేగం ఎక్కువైతే మణికట్లు చెప్పేవి, అద్దాలు చెప్పేవి, ఒళ్ళంతా చెప్పేది. ఈ బండి ఏమీ చెప్పలేదు. దాని గుండె ఒక్క తీరున కొట్టుకుంటోంది, నేను దాని మీద కూర్చుని ఎక్కడికో పోతున్నాను. బస్సు కిటికీ పక్కన కూర్చున్నట్టే.

మంచులోంచి ఆవు వచ్చింది. రోడ్డు మధ్యలో అడ్డంగా, అక్కడే పుట్టినట్టు నిలబడి ఉంది. రెండు బ్రేకులూ నొక్కేశాను. వెనక చక్రం పక్కకు జారింది, మళ్ళీ తిన్నగా వచ్చింది. బండి ఆగేసరికి ఆవు ఊపిరి నా ముందు చక్రానికి తగిలేంత దగ్గర. అది నన్ను కాసేపు చూసి, దాని దారిన అది పోయింది. బండిని పక్కకు తోసి, స్టాండు వేసి, నేల మీద కూర్చున్నాను. అంత వేగం ఎప్పుడు వచ్చిందో నాకు తెలీదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. తోలుతున్నది నేనే, కానీ ఆ కాసేపూ నేను అక్కడ లేను.

సాయంత్రం దుకాణంలో అన్నయ్యకు అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. వాడు త్రాసు పళ్ళెం తుడుస్తూ వింటూ కూర్చున్నాడు. చివరికి, "దెబ్బ ఏటీ తగల్నేదు కదా?" అన్నాడు. లేదన్నాను. "అయితే కొన్నాల్లు హైవే వద్దు. సోనేపూర్ దారి సూడు. లారీలు తక్కువ. మలుపులెక్కువ, నిద్ర పోనివ్వవు" అన్నాడు.

ఆదివారాలు సముద్రం ఒడ్డునున్న సోనేపూర్ వైపు వెళ్ళడం అలా మొదలైంది. ఊరు దాటాక దారికి రెండు పక్కలా మొగలి పొదలు, వాటి వెనక సరుగుడు తోటలు. పూత కాలంలో ఆ వాసన హెల్మెట్ లోపలికి వచ్చి అక్కడే ఉండిపోయేది. ప్రతి మలుపు దగ్గరా వేగం తగ్గించడం, గేరు మార్చడం, ఎదుటి నుంచి ఎవరొస్తున్నారో చూడటం. పని ఉండటంతో కలలోకి జారడానికి వీలయ్యేది కాదు. పోనూ పోనూ చేతులు తమ పని తాము చేస్తుంటే, వాసనలూ గాలీ కూడా నావే అయ్యాయి. నెమ్మదిగా వెళ్తున్నా బండికి విసుగు లేదు. అంత బలం ఉండి కూడా అది నడకలా నడవగలదని అప్పుడే తెలిసింది.

ఒక ఆదివారం సముద్రం దాకా వెళ్దామనిపించి తారు రోడ్డు దిగాను. కొంచెం దూరమే, ఇసుక గట్టిగా ఉందనుకున్నాను. ముందు చక్రం కూరుకుపోయింది. షోరూమ్‌లో ఒరిగినట్టే బండి తాపీగా ఒరిగింది, ఈసారి పట్టుకునేవాళ్ళు లేరు. నేనూ అదీ మెత్తగా ఇసుకలో పడుకున్నాం. కాలు లాక్కుని లేచి, ఎంత ఎత్తినా అది లేవలేదు.

దగ్గర్లో చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. వాళ్ళూ మన తెలుగువాళ్ళే, ఎన్నో తరాలుగా ఆ ఒడ్డున వేట మీద బతుకుతున్నవాళ్ళు. నేను హెల్మెట్ తీయగానే అందులో పెద్దావిడ, "ఒలమ్మ! ఆడకూతురే!" అంటూ పరిగెత్తుకొచ్చింది. మిగతావాళ్ళూ వచ్చారు.

"దెబ్బ తగిలిందేటమ్మా?"

"నేదమ్మా. బండే బరువు. లేపలేకపోతన్నాను."

"మా పడవ కన్నా బరువేటి ఇది? పట్టండే!" అంది. తలా ఒక చోట పట్టుకుని, ఒడ్డుకు పడవ లాగేటప్పుడు అరిచినట్టు ఒక్క అరుపు అరిచారు. బండి నా కళ్ళ ముందు లేచి నిలబడింది. అందరి చేతుల నుంచీ ఎండుచేపల పొలుసు దానికి అంటింది. ఎండలో మెరిసింది. ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు.

తారు రోడ్డు దాకా తోసిపెట్టాక ఆ పెద్దావిడ వెళ్ళలేదు. సీటు మీద చెయ్యి వేసి నిమురుతోంది. "నన్ను మా ఇంటి కాడ దింపుతావా?" అంది.

"నేను కొత్తగా నేర్సుకున్నానమ్మా. ఇప్పుడే పడ్డాను, సూసారు కదా."

"నేనూ కొత్తే. ఎప్పుడూ ఎక్కనేదు" అంది.

కాదనడానికి ఇంకేం మిగల్లేదు. నా హెల్మెట్ ఆవిడ తలకు పెట్టాను. నీళ్ళలోకి దిగేటప్పటిలా చీర ఎగ్గట్టుకుని, నా భుజం పట్టుకుని ఎక్కి, రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చుంది. బండి ఆవిడ బరువును అసలు లెక్కచేయలేదు. మొదటి గేరులో, తర్వాత రెండో గేరులో, మొగలి పొదల మధ్య నుంచి వెళ్తున్నాం. మొదట ఆవిడ ఏదో చెబుతూనే ఉంది, కోడలి గురించి, ఈ ఏడు పడని చేపల గురించి. కాసేపటికి మాట ఆగిపోయింది. భయపడిందేమోనని, "ఏటమ్మా, ఆపమంటారా?" అని అడిగాను.

"వద్దు. ఇంకా మెల్లిగా ఎల్లమ్మా" అంది. "ఇల్లు వచ్చేస్తంది."

నేను ఆవిడ ఇంటి దగ్గర ఆపలేదు. ఆవిడా ఆపమనలేదు. ఇళ్ళు దాటి, రోడ్డు ఉన్నంతవరకూ వెళ్ళాం, బాహుదా నది సముద్రంలో కలిసే వైపు. నీళ్ళ మీద వెలుతురు పరుచుకుని ఏది నదో ఏది సముద్రమో తెలియకుండా ఉంది. ఇంజను ఆపకుండానే అక్కడ కాసేపు నిలబడ్డాం. ఆవిడ నా భుజం మీద చెయ్యి తీయలేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న చోటును, మొదటిసారి చూస్తున్నట్టు చూస్తోంది. తర్వాత వెనక్కి తిప్పి, ఇంటి ముందు దింపాను. హెల్మెట్ తీసిచ్చి, చెదిరిన ముడి సర్దుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత హైవే మీద వెళ్ళడం మళ్ళీ మొదలుపెట్టాను. సెలవు రోజుల్లో మా ఆయన్ని వెనక కూర్చోబెట్టుకునేదాన్ని. వెనక ఒక మనిషి ఊపిరి వినబడుతుంటే ఎంత అందమైన మంచులోనైనా నేను నాలోనే ఉంటాను. మొదటిసారి రంభ చేరినప్పుడు ఆయన చిలికా ఒడ్డున దిగి, హెల్మెట్ తీయడం కూడా మరిచిపోయి నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డారు. దూరంగా పడవలు ఉన్నాయి, కదులుతున్నాయో లేదో తెలియడం లేదు. కొండల నీడ నీళ్ళలో సగం దాకా వచ్చి ఆగింది. నేను కలవాల్సిన దుకాణాలు అప్పటికే తెరిచి ఉంటాయి.

"ఎల్దామా?" అన్నాను.

"కాసేపు ఉందాం" అన్నారు హెల్మెట్ లోపలి నుంచే.

ఒడ్డున ఉన్న రాయి మీద ఇద్దరం కూర్చున్నాం. మా వెనక బండి ఇంజను చల్లారుతూ చిన్నగా చిటపటమంటోంది.